పంజాబీ యాక్షన్ హీరోలు ఎందుకు నిలవలేదు? సుల్తాన్ రాహీ నుంచి దేవ్ ఖరోడ్ దాకా తెలిసినవాళ్లు చెప్పండి

కృష్ణాతీరం:

అందరికీ నమస్తే. నేను ఇంగ్లండ్‌లో ఉంటాను. 2022 అక్టోబర్‌లో పాకిస్తాన్ పంజాబీ సినిమా 'ద లెజెండ్ ఆఫ్ మౌలా జట్ట్' ఇక్కడి హాళ్లలో వచ్చినప్పుడు పంజాబీ ఫ్రెండ్స్ తీసుకెళ్తే చూశాను. అప్పటినుంచి పంజాబీ యాక్షన్ సినిమాల మీద పిచ్చి పట్టుకుంది. వెనక్కి వెళ్లి సుల్తాన్ రాహీ హీరోగా చేసిన 1979 నాటి అసలు మౌలా జట్ట్ చూశాను. సరిహద్దుకు ఇటువైపు నుంచి గుగ్గూ గిల్, యోగరాజ్ సింగ్ సినిమాలు కొన్ని చూశాను. కొత్తవాటిలో దేవ్ ఖరోడ్‌వి చూస్తున్నాను.

నాకు అర్థంకానిది ఒక్కటే. సుల్తాన్ రాహీ 700 పైగా సినిమాలు చేశాడు, గిన్నిస్ బుక్‌లోకి కూడా ఎక్కాడు. అంత పెద్ద మార్కెట్ ఉన్నచోట ఆయన తర్వాత ఇంకొకడు ఎందుకు రాలేదు? ఇటు మన పంజాబ్‌లో 90ల మొదట్లో గుగ్గూ గిల్ సినిమాలకు జనం ట్రాక్టర్లు కట్టుకుని వెళ్లేవారంటారు, పదేళ్లు తిరిగేసరికి ఆ హీరోలు ఎక్కడా కనపడరు. ఇప్పుడు చూస్తే హీరో అనేవాడు ముందు సింగర్ అయి ఉండాలి. ఒక ఫైట్ సీన్‌ను భుజాల మీద మోయగలిగిన నటుడికి ఆ భాషలో సొంత కెరీర్ ఎందుకు దొరకడంలేదు? పేర్ల లిస్ట్ వద్దు, ఎలా జరిగిందో చెప్పండి.

---

పాతసినిమా:

పాకిస్తాన్ వైపు, అంటే లాహోర్ సినిమాల సంగతి నేను చెబుతాను, ఆ సినిమాలు వీడియో క్యాసెట్ల కాలం నుంచీ చూస్తున్నాను.

రాహీ మొదటినుంచీ హీరో కాదు. 50ల మధ్యలో గుంపులో నిలబడే ఎక్స్‌ట్రాగా వచ్చినవాడు. ఏళ్ల తరబడి చిన్న చిన్న విలన్ వేషాలు, దెబ్బలు తినే వేషాలు వేసుకుంటూ బతికాడు. 1972లో 'బషీరా' వచ్చాకే జనం ఆయన పేరు పట్టుకున్నారు. 1975లో 'వహ్షీ జట్ట్', అది అహ్మద్ నదీమ్ కాస్మీ రాసిన 'గండాసా' అనే కథ నుంచి తీసింది. కాస్మీ చిన్నాచితకా రచయిత కాదు, ఉర్దూ సాహిత్యంలో పెద్ద పేరు. ఆయన కథలో హీరో చివరికి ఆయుధం వాడలేకపోతాడు, ఏడుస్తాడు. సినిమావాళ్లు ఆ ఏడుపును వదిలేసి ఆయుధాన్ని మాత్రం ఉంచుకున్నారు. పొడవాటి కర్రకు బిగించిన ఆ గొడ్డలి ఆ తర్వాత ఇరవై ఏళ్లు రాహీ చేతిలోంచి దిగలేదు. నాసిర్ అదీబ్ అదే పాత్రను ఇంకా పెంచి 1979 మౌలా జట్ట్ రాశాడు, యూనుస్ మలిక్ తీశాడు.

ఆ సంవత్సరం ఏంటో గుర్తు చేసుకో. జియా ఉల్ హక్ 1977లో అధికారం లాక్కున్నాడు, 1979 ఏప్రిల్‌లో మాజీ ప్రధాని భుట్టోని ఉరి తీశారు. మౌలా జట్ట్ ఫిబ్రవరిలో రిలీజయింది. హింస ఎక్కువైందని ప్రభుత్వం నిషేధించబోతే నిర్మాత సర్వర్ భట్టి కోర్టుకెళ్లి స్టే తెచ్చుకుని ఆడించాడు, సినిమా రెండేళ్లకు దగ్గరగా ఆడింది. పెద్దమనుషుల మాట వినకుండా తన న్యాయం తానే చేసుకునే పల్లెటూరి మనిషిని ఆ రోజుల్లో జనం అలా చూశారంటే ఊరికే కాదని నా నమ్మకం.

ఇక డబ్బు సంగతి. 1971లో తూర్పు పాకిస్తాన్ విడిపోయాక ఉర్దూ సినిమాకు సగం మార్కెట్ పోయింది. తర్వాత వీసీఆర్ వచ్చి చదువుకున్న కుటుంబాలు హాలుకు రావడం మానేసి ఇంట్లోనే హిందీ సినిమాలు చూడటం మొదలెట్టాయి. హాల్లో మిగిలింది లాహోర్, గుజ్రాన్‌వాలా, ఫైసలాబాద్‌లలో పనిచేసుకునే మగవాళ్లు. వాళ్లకు పంజాబీ కావాలి, రాహీ కావాలి. రాహీ డేట్స్ లేకపోతే డిస్ట్రిబ్యూటర్ అడ్వాన్స్ ఇవ్వడు. అందుకని ఆయన పొద్దున ఒక సెట్‌లో, మధ్యాహ్నం ఇంకో సెట్‌లో, రాత్రి మరో చోట పనిచేసేవాడు. 1981లో ఒకే రోజున ఆయనవి ఐదు సినిమాలు విడుదలయ్యాయి. నువ్వు అడిగిన 700 లెక్క ఇలా వచ్చింది.

రెండో హీరో రాకపోవడానికి కారణం కూడా అక్కడే ఉంది తమ్ముడూ. ప్రతి కథా ఆయన గొంతుకీ ఆయన ఛాతీకీ రాసిందే. కొత్త కుర్రాణ్ణి పెట్టి డబ్బు పోగొట్టుకునే ధైర్యం ఎవరికీ లేదు, పదిహేడేళ్లు అలానే గడిపారు. 1996 జనవరి 9 రాత్రి ఆయన ఇస్లామాబాద్ నుంచి లాహోర్ వస్తుంటే గుజ్రాన్‌వాలా దగ్గర కారు టైరు పంక్చరైంది, టైరు మారుస్తుండగా కాల్చి చంపారు. ఆయన సగం పూర్తిచేసిన సినిమాలు ఎన్నో అక్కడికక్కడే ఆగిపోయాయి. రెండేళ్ల తర్వాత 1998లో లాహోర్‌ను మళ్లీ నిలబెట్టిన సినిమా 'చూడియాఁ', అది ప్రేమకథ. తర్వాతి హీరో షాన్ బాగా చేసేవాడు, కాదనను, కానీ ఆయన్ని కూడా అదే మీసం, అదే అరుపులోకి నెట్టారు.

---

వరంగల్_రీల్:

పాతసినిమా గారు చెప్పినదాంట్లో ఒక ముఖ్యమైన మనిషి తప్పిపోయాడు. ముస్తఫా ఖురేషీ. నా దృష్టిలో 1979 సినిమాలో గొప్ప నటన ఆయనదే.

ఆయన పంజాబీవాడు కాదు. సింధ్‌లోని హైదరాబాద్ నుంచి వచ్చినవాడు, మాతృభాష సింధీ, ముందు రేడియోలో పనిచేశాడు. రాహీ గుండెలు పగిలేలా అరుస్తుంటే విలన్ నూరీ నత్ పాత్రలో ఈయన గొంతు తగ్గించి, మెల్లగా, దాదాపు మర్యాదగా మాట్లాడతాడు. తనతో సమానంగా కొట్లాడేవాడు ఎవరైనా దొరుకుతాడా అని వెతికే మనిషి అది, ఆ ఆకలి ఆ మెల్లని గొంతులోనే తెలుస్తుంది. ఇద్దరూ ఎదురుపడ్డ సీన్లు మళ్లీ చూడండి, మీ కళ్లు ఎవరి మీద ఉంటున్నాయో మీకే తెలుస్తుంది. 2022 సినిమాలో హమ్జా అలీ అబ్బాసీ కూడా నూరీని గట్టిగా అరవకుండానే చేశాడు, నాకు హీరో ఫవాద్ ఖాన్ కంటే అతనే నచ్చాడు.

పంజాబీ యాక్షన్‌లో హీరోకి ఒక్కటే మూడ్, విలన్‌కి మాత్రం నటించడానికి చోటుంటుంది. అందుకే ఆ సినిమాల్లో మనుషులు నిలబడ్డది విలన్ వేషాల్లోనే. యోగరాజ్ సింగ్‌ని చూడండి. ఇండియాకి క్రికెట్ ఆడాడు, 1981లో న్యూజిలాండ్ మీద ఒక టెస్ట్, మొత్తమ్మీద ఆరు వన్డేలు, గాయంతో అది ఆగిపోయింది. యువరాజ్ సింగ్ వాళ్ల నాన్న అంటే ఎక్కువమందికి తెలుస్తుంది. సినిమాల్లోకి వచ్చి 'బద్లా జట్టీ దా'లో విలన్‌గా చేసింది పంజాబ్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. 2013లో 'భాగ్ మిల్ఖా భాగ్'లో కోచ్‌గా కనిపించినప్పుడు కూడా ఆ కళ్లలో అదే కోపం.

ఇంకో మాట. కృష్ణాతీరం అన్నా, ఆ నటులు ఎక్కడికి పోయారని అడిగావు కదా, కొంతమంది మన దగ్గరికే వచ్చారు. సోనూ సూద్ ఊరు పంజాబ్‌లోని మోగా. 1999లో తమిళంలో మొదలుపెట్టి వెంటనే తెలుగుకి వచ్చాడు. సరిగ్గా అప్పుడు పంజాబీ సినిమా అడుగంటిపోయి ఉంది, ఆ ఒడ్డూ పొడుగూ ఉన్న కుర్రాడికి సొంత భాషలో చేయడానికి ఏమీ లేదు. 2009లో 'అరుంధతి'లో పశుపతిగా చేసి నంది అవార్డు తీసుకున్నాడు, గొంతు రవిశంకర్‌దే అయినా ఆ ఒళ్లు, ఆ చూపు ఇతనివే. ముకుల్ దేవ్ కుటుంబానిది కూడా జలంధర్ వైపే, మనకు రవితేజ 'కృష్ణ'లో విలన్‌గా తెలుసు. పంజాబీలో యాక్షన్ పరిశ్రమ బతికి ఉంటే వీళ్లు అక్కడ ఏం చేసేవాళ్లో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

---

బ్రాంప్టన్_తెలుగోడు:

కెనడాలో నేనుండే ఊళ్లో పంజాబీ సినిమా రిలీజంటే మన దగ్గర పెద్ద హీరో సినిమా రిలీజైనట్టే ఉంటుంది, పక్కింటివాళ్లతో కలిసి చాలా చూశాను. ఇండియా వైపు కథ నేను చెబుతాను.

ముందు వీరేందర్ పేరు తెలియాలి. ధర్మేంద్రకి కజిన్. రాసేవాడు, తీసేవాడు, నటించేవాడు. 'లంబర్దార్నీ', 'బల్బీరో భాభీ', 'సర్పంచ్' లాంటి సినిమాలతో 80ల్లో పంజాబీ సినిమాను ఒక్కడే నడిపించాడని అక్కడివాళ్లు అంటారు. 1988 డిసెంబర్ 6న లూధియానా దగ్గర తల్వండీ కలాన్‌లో 'జట్ట్ తే జమీన్' షూటింగ్ జరుగుతుంటే సెట్ మీదే కాల్చి చంపారు. అదే ఏడాది మార్చిలో సింగర్ చమ్కీలాని, అదే మార్చిలో కవి పాశ్‌ని చంపారు. ఉగ్రవాదం రగిలిన అలాంటి రోజుల్లో రాత్రిపూట హాలుకు ఎవడు వెళ్తాడు, అవుట్‌డోర్ షూటింగ్‌కి యూనిట్ ఎలా వెళ్తుంది? సినిమా ప్రశ్న కాదది, ప్రాణం ప్రశ్న.

ఆ భయం కాస్త తగ్గుతున్నప్పుడు గుగ్గూ గిల్ పైకొచ్చాడు. ముక్త్‌సర్ జిల్లా పల్లెటూరి రైతు కుటుంబం. 'పుత్త్ జట్టాఁ దే'లో చిన్న వేషంతో వచ్చినవాడు 1991లో 'బద్లా జట్టీ దా', 'జట్ట్ జియోనా మోడ్' రెండూ ఇచ్చాడు. గుర్రం మీద కూర్చుంటే నిజంగా గుర్రం ఎక్కడం వచ్చినవాడిలా ఉంటాడు, అది నటన కాదు, అతని జీవితమే. కానీ ఆ రెండూ ఆడేసరికి ప్రతి నిర్మాతా టైటిల్లో జట్ట్ అని పెట్టి అదే పగ, అదే భూమి తగాదా, అదే చెల్లెలి పెళ్లి తీశాడు. తక్కువ డబ్బుతో, తక్కువ రోజుల్లో. 90ల చివరికి జనం విసిగిపోయారు.

2002లో 'జీ ఆయాఁ నూఁ' వచ్చి ఆట మార్చింది. మన్‌మోహన్ సింగ్ డైరెక్టర్, సింగర్ హర్భజన్ మాన్ హీరో, కెనడా నేపథ్యం, కుటుంబమంతా చూడగలిగే కథ. నువ్వడిగిన 'హీరో అంటే సింగర్' అన్నది గట్టిపడింది ఇక్కడే. ఇందులో లెక్క చాలా సింపుల్. సింగర్‌కి సినిమా రాకముందే పాటలకు కోట్ల వ్యూస్ ఉంటాయి, ఇక్కడ టొరంటోలో, వాంకూవర్‌లో, అక్కడ లండన్, మెల్‌బోర్న్‌లలో షోలకు జనం ఉంటారు. పబ్లిసిటీ ఖర్చు సగం అక్కడే మిగులుతుంది. పంజాబ్‌లో హాళ్లు తక్కువ, విదేశీ కలెక్షన్ లేకపోతే గిట్టదు, విదేశాల్లో టికెట్ కొనేది పిల్లాపాపలతో వచ్చే కుటుంబం. వాళ్లకు కామెడీ కావాలి. 2023లో 'క్యారీ ఆన్ జట్టా 3' ప్రపంచవ్యాప్తంగా 100 కోట్లు దాటిందన్నారు, అది కామెడీయే. యాక్షన్ నటుడు ఈ లెక్కలో ఎక్కడ పడతాడు చెప్పు?

అయినా దేవ్ ఖరోడ్ పడ్డాడు. స్టేజి నుంచి వచ్చాడు, పాట పాడడు. ఖన్నా దగ్గర రసూల్డా ఊరికి చెందిన రూపిందర్ గాంధీ అనే నిజమైన స్టూడెంట్ లీడర్-గ్యాంగ్‌స్టర్ కథ 2015లో తీస్తే హీరో అయ్యాడు. తర్వాత 2018లో 'డాకూఆఁ దా ముండా', అది గ్యాంగ్‌స్టర్ జీవితం వదిలి జర్నలిస్ట్ అయిన మింటూ గురుసరియా ఆత్మకథ. 2019లో 'బ్లాకియా'. ఖరోడ్ కొట్టేటప్పుడు ఒళ్లంతా బరువుగా కదులుతుంది, కొట్టాక అలిసిపోయినట్టు కనపడతాడు. నాకు అతనిలో నచ్చేది ఆ అలసటే, గుగ్గూ గిల్ సినిమాల్లో అది ఉండేది కాదు.

కానీ 2023లో 'మౌడ్' చూడండి. జియోనా మోడ్ అనే పాతకాలపు బందిపోటు కథనే పెద్ద ఖర్చుతో, శ్రద్ధగా జతిందర్ మౌహర్ తీశాడు. జియోనాగా చేసింది ఎవరు? సింగర్ ఆమీ విర్క్. ఖరోడ్‌కి అన్న పాత్ర. ఆమీ మంచి నటుడే, కష్టపడ్డాడు కూడా, ఆ సినిమా నాకు చాలా ఇష్టం. కానీ ఎనిమిదేళ్లుగా యాక్షన్‌ని మోసినవాడికి ఆ భాషలోనే అత్యంత పేరున్న యాక్షన్ పాత్ర దక్కలేదు. నీ ప్రశ్నకు ఇంతకంటే స్పష్టమైన జవాబు నా దగ్గర లేదు.

---

స్వాతి_కె:

ఇంతమంది ఇంత రాశారు, టైటిల్స్‌లోని 'జట్ట్' గురించి మాత్రం ఎవరూ ఆగి ఆలోచించలేదు. అది భూమి ఉన్న కులం పేరు. 2011 జనాభా లెక్కల ప్రకారం పంజాబ్‌లో దళితులు దాదాపు 32 శాతం, దేశంలో ఏ రాష్ట్రంలోనూ అంత వాటా లేదు. యాక్షన్ సినిమాలో వాళ్లకు దక్కేది హీరో పక్కన పాలేరు, లేకపోతే నవ్వించే స్నేహితుడు. కోపం చూపించే హక్కు భూమి ఉన్నవాడికి మాత్రమే ఉన్నట్టు యాభై ఏళ్లు తీశారు. మన పక్క రెడ్డి, నాయుడు అని టైటిల్స్ పెట్టుకున్న సినిమాలు చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ఒకే కులం, ఒకే రకం గొడవ అయినప్పుడు నటులకు కొత్త పాత్రలు ఎక్కడినుంచి వస్తాయి? కెరీర్లు ఎందుకు ఆగిపోయాయంటే నేను ముందు ఇదే చెబుతాను.

ఆడవాళ్ల సంగతి ఇంకా బాధ. లాహోర్‌లో హీరోయిన్ అంజుమన్ 1981 'షేర్ ఖాన్' నుంచి రాహీతో ఎన్ని సినిమాలు చేసిందో, ప్రతిదాంట్లోనూ పొలంలో డాన్సే. ఇటు దల్‌జీత్ కౌర్ అన్ని పెద్ద సినిమాల్లో ఉంది, 2022 నవంబర్‌లో పోయింది. ఆమె ఎంత మంచి నటో చాలామందికి అప్పటి వార్తలు చదివాకే గుర్తొచ్చింది. గట్టి పాత్ర కావాలంటే 1979 మౌలా జట్ట్‌లో నూరీ చెల్లెలు దారో నత్నీని చూడండి, అన్నలకంటే భయంకరమైన మనిషి. కొత్త సినిమాలో హుమైమా మలిక్ ఆ పాత్రను చాలా బాగా చేసింది. అలాంటిది హీరోయిన్‌కి ఒక్కసారైనా రాశారా?

---

వరంగల్_రీల్:

స్వాతి గారూ, కులం గురించి మీరన్నది ఒప్పుకుంటాను. కానీ నటుల కెరీర్ ఆగడానికి అదే మొదటి కారణం అంటే ఒప్పుకోలేను. అదే కులం పేరు పెట్టుకుని కామెడీలు ఇరవై ఏళ్లుగా ఆడుతున్నాయి కదా, టైటిల్లో 'జట్ట్' లేని హిట్ కామెడీ వెతుక్కోవాలి. యాక్షన్‌ని చంపింది తుపాకులు, తర్వాత మార్కెట్.

---

స్వాతి_కె:

కామెడీలో హీరో మారువేషాలు వేస్తాడు, అబద్ధాలాడతాడు, ఓడిపోతాడు, పెళ్లాం చేత తిట్లు తింటాడు. నటుడికి చేయడానికి బోలెడంత ఉంది. యాక్షన్‌లో ఆ కులం గౌరవం మీద ఈగ వాలకూడదు, కాబట్టి హీరో భయపడకూడదు, ఓడకూడదు. నేను చెప్పేది అదే. మీరే పైన రాశారు కదా, హీరోకి ఒక్కటే మూడ్ అని.

---

వరంగల్_రీల్:

సరే, ఆ కోణంలో నేను చూడలేదు. మంచి పాయింట్.

---

కృష్ణాతీరం:

అందరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా వస్తుందనుకోలేదు. ఇంకో రెండు అడుగుతాను. ఇండియాలో ఉన్న నా తమ్ముడికి 2022 మౌలా జట్ట్ చూపించాలంటే దారేమన్నా ఉందా? ఇంకా, గ్యాంగ్‌స్టర్ సినిమాల మీద పంజాబ్ ప్రభుత్వం కోపంగా ఉందని విన్నాను, దానివల్ల ఖరోడ్ లాంటివాళ్లకు నష్టం ఏమైనా జరిగిందా? ఇప్పుడు పైకొస్తున్నవాళ్లలో ఎవరిని చూడాలో కూడా చెప్పండి.

---

బ్రాంప్టన్_తెలుగోడు:

మౌలా జట్ట్ ఇండియాలో రిలీజ్ కాలేదు. 2022 డిసెంబర్‌లో ఒకసారి అనుకున్నారు, ఆగింది. 2024 అక్టోబర్ 2న పంజాబ్‌లో అని ప్రకటించి మళ్లీ ఆపేశారు. నీ దగ్గరికి వచ్చినప్పుడు చూపించడం మంచిది.

గ్యాంగ్‌స్టర్ సినిమాల సంగతి నిజమే. 2019లో పంజాబ్-హర్యానా హైకోర్టు మద్యం, డ్రగ్స్, హింసను గొప్పగా చూపించే పాటలు వేయకూడదని చెప్పింది. 2020 ఫిబ్రవరిలో సుఖా కాహ్లవాఁ అనే గ్యాంగ్‌స్టర్ మీద తీసిన 'షూటర్'ను అమరీందర్ సింగ్ ప్రభుత్వం నిషేధించింది, జయ్ రంధావా హీరో. చివరికి 2022 జనవరిలో విడుదలైంది. కెరీర్ మొదట్లో ఉన్న కుర్రాడికి రెండేళ్లంటే మాటలు కాదు. సెన్సార్ అభ్యంతరం చెప్పడం వేరు, పోలీసు కేసు భయంతో నిర్మాత వెనక్కి తగ్గడం వేరు. రెండోదే నటుణ్ణి ఎక్కువ దెబ్బతీస్తుంది, ఎందుకంటే అప్పుడు కథ అసలు కాగితం దాటి బయటికే రాదు. 2022 మేలో సింగర్ సిద్ధూ మూసేవాలాని కాల్చి చంపాక ఈ కథలంటే ఇక్కడి కుటుంబాలు కూడా ముఖం తిప్పుకుంటున్నాయి, వాళ్లను తప్పుపట్టలేను.

ఎవరిని చూడాలంటే నా ఓటు ప్రిన్స్ కన్వల్‌జీత్ సింగ్‌కి. 2021లో వచ్చిన 'వార్నింగ్' చూడు. గిప్పీ గ్రేవాల్ సినిమా అది, గిప్పీనే రాశాడు, కానీ జనం హాల్లోంచి బయటికొచ్చి మాట్లాడుకున్నది ప్రిన్స్ వేసిన పమ్మా పాత్ర గురించే. మాసిన బట్టలు, నీరసంగా నడక, ఎప్పుడు తుపాకీ తీస్తాడో తెలియదు. వరంగల్_రీల్ భయ్యా ఖురేషీ గురించి చెప్పిందంతా ఇతనికి సరిగ్గా వర్తిస్తుంది. 2024 ఫిబ్రవరిలో రెండో భాగం వచ్చింది, అందులో కూడా ఉన్నాడు.

జగ్‌జీత్ సంధూని కూడా పట్టుకో. రూపిందర్ గాంధీ సినిమాలో భోలాగా చేసి పేరు తెచ్చుకున్నాడు. తర్వాత 2020లో హిందీ సిరీస్ 'పాతాళ్ లోక్'లో తోపే సింగ్‌గా చేశాడు. స్వాతి గారూ, మీకు ఆ పాత్ర ముఖ్యం. పంజాబ్ పల్లెలో అవమానాలు పడ్డ దళిత కుర్రాడు, చివరికి తిరగబడతాడు, ఊరు వదిలి పారిపోవాల్సి వస్తుంది. పంజాబీ యాక్షన్ సినిమా యాభై ఏళ్లలో రాయని కోపాన్ని ఒక హిందీ సిరీస్ రాసింది, చేసింది మాత్రం పంజాబీ నటుడే.

---

స్వాతి_కె:

అవును, చూశాను. ఆ కుర్రాడు జట్ట్ కుర్రాళ్ల మీద కత్తి ఎత్తిన ఎపిసోడ్ నాకు నిద్రపట్టనివ్వలేదు. నటుడి పేరు ఇప్పుడే తెలిసింది. అతని పంజాబీ సినిమాలు ఏవి ముందు చూడాలి?

---

బ్రాంప్టన్_తెలుగోడు:

2015 రూపిందర్ గాంధీతో మొదలుపెట్టండి, దాని వెంటనే 2017లో వచ్చిన రెండో భాగం. ఖరోడ్‌నీ అతన్నీ ఒకే ఫ్రేమ్‌లో చూస్తారు.